బ్లాక్‌వెల్స్‌ను ముంచింది అమెజానేనా? ఒక ఆక్స్‌ఫర్డ్ పుస్తకాల షాపు 143 ఏళ్ల లెక్క

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. 1879 నుంచి ఒకే కుటుంబం చేతిలో నడిచిన ఆక్స్‌ఫర్డ్ బ్లాక్‌వెల్స్ 2022లో ఎందుకు అమ్ముడుపోయింది, అమెజాన్ దెబ్బకేనా? ఒంటి గది షాపు బ్రిటన్‌లోని యూనివర్సిటీ ఊళ్లకు ఎలా పాకింది? పాత పాఠ్యపుస్తకాల మీద కనిపించే రకరకాల ‘బ్లాక్‌వెల్’ పేర్లన్నీ ఒకటేనా?

ముందు జవాబు చెప్పేస్తాను. అమెజాన్ దెబ్బ నిజమే, కానీ అది ఆఖర్లో తగిలిన దెబ్బ. ఆక్స్‌ఫర్డ్ బ్రాడ్ స్ట్రీట్‌లో కనిపించే షాపు ఇంటి ముందరి అరుగు లాంటిది. వెనక మూడు గదులుండేవి: లైబ్రరీలకు, విదేశీ ప్రొఫెసర్లకు పోస్టులో పుస్తకాలు పంపే వ్యాపారం ఒకటి, జర్నళ్ల చందాలు కట్టే ఏజెన్సీ ఒకటి, సొంత ప్రచురణ ఒకటి. వీటన్నిటి మీదా ఒక కప్పు ఉండేది. అచ్చువేసిన ధర కంటే తక్కువకు ఎవరూ పుస్తకం అమ్మకూడదన్న ఒప్పందమే ఆ కప్పు. 1995లో కప్పు లేచిపోయింది. 2009 నాటికి మూడు గదులూ దాదాపుగా వేరేవాళ్లవి అయిపోయాయి. మిగిలిన అరుగునే 2022లో అమ్మారు.

పేర్ల సంగతి చివర్లో చెప్తాను. అన్నీ ఒకటి కావు.

మొదలు

వ్యవస్థాపకుడు బెంజమిన్ హెన్రీ బ్లాక్‌వెల్. ఈయన తండ్రి బెంజమిన్ హారిస్ 1846లో ఆక్స్‌ఫర్డ్ సెయింట్ క్లెమెంట్స్‌లో పుస్తకాల కొట్టు పెట్టాడు. 1854లో ఊరి గ్రంథాలయానికి తొలి లైబ్రేరియన్ అయ్యాడు, మరుసటి ఏడే పోయాడు. కొన్నిచోట్ల 1846 అనీ, కొన్నిచోట్ల 1879 అనీ రాసి ఉండటం అందుకే. తండ్రి కొట్టుకీ కొడుకు కొట్టుకీ మధ్య పాతికేళ్ల ఖాళీ ఉంది కాబట్టి కంపెనీ వయసు 1879 జనవరి 1 నుంచి లెక్కపెట్టడమే సబబు. ఆ రోజు 50, బ్రాడ్ స్ట్రీట్‌లో తెరిచిన గది 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. ఎదురుగా షెల్డోనియన్ థియేటర్.

ఆ కొలత గుర్తుపెట్టుకోండి, 144 చదరపు అడుగులు. నలుగురు నిలబడితే ఐదోవాడికి చోటుండదు. అలాంటి గదిలో కూడా ఆయన పెట్టిన పద్ధతి ఏమిటంటే, వచ్చినవాణ్ణి ‘ఏం కావాలి’ అని అడిగి ఇబ్బంది పెట్టకూడదు. నిలబడి చదువుకోనివ్వాలి. వినడానికి మర్యాదలా ఉంటుంది గానీ దాని వెనక వ్యాపారం ఉంది. పండితుడు కొనే పుస్తకం పేరు షాపువాడికి ముందే తెలియదు. చాలాసార్లు కొనేవాడికీ తెలియదు, అలమర ముందు నిలబడ్డాకే తెలుస్తుంది. పాత పుస్తకాలతో మొదలైన కొట్టుకు ఇది ఇంకా అవసరం, ఎందుకంటే పాత పుస్తకం ఒక్క కాపీయే ఉంటుంది, ముందుగా అడిగి తెప్పించుకునేది కాదు.

రెండో పద్ధతి అరువు. విద్యార్థులకు ఖాతాలు తెరిచి, డబ్బు వచ్చినప్పుడు ఇమ్మనేవారు. ఆలస్యంగా వచ్చిన బాకీకి విసుక్కోకపోవడం వల్ల ఏమైందంటే, చదువు అయిపోయి దూరదేశాల్లో ఉద్యోగాలకు వెళ్లినవాళ్ల ఖాతాలు మూతపడలేదు. స్కూలు మాస్టరైనా, పాస్టరైనా, కాలేజీ లెక్చరరైనా కొత్త పుస్తకం కావాలంటే పాత షాపుకే ఉత్తరం రాసేవాడు. పోస్టు వ్యాపారానికి విత్తనం ఈ అరువు ఖాతాల్లోనే పడింది. షాపు చరిత్ర రాసేవాళ్లు అలమరల గురించి పేజీలకు పేజీలు రాస్తారు, పద్దు పుస్తకాన్ని మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకైతే అసలు కథ పద్దు పుస్తకంలోనే ఉందనిపిస్తుంది.

ధరల ఒప్పందం: ఆ కప్పు ఎలా పనిచేసేది

ఇది అర్థం కాకపోతే మిగతా కథ అర్థం కాదు. 1880ల్లో బ్రిటన్ పుస్తకాల షాపులు ఒకదాని మీద ఒకటి పోటీపడి ధరలు కోసుకునేవి. అచ్చు ధర మీద పావు వంతు దాకా తగ్గించి అమ్మడం మామూలైపోయింది. నెమ్మదిగా కదిలే గంభీరమైన పుస్తకాలను నిల్వ ఉంచే షాపుకు మిగిలేది ఏమీ లేదు. 1890లో ప్రచురణకర్త ఫ్రెడరిక్ మాక్మిలన్ ఒక ప్రయోగం చేశాడు. ఆల్ఫ్రెడ్ మార్షల్ అర్థశాస్త్ర గ్రంథాన్ని ‘నెట్’ ధరకు, అంటే తగ్గించకూడని ధరకు వేసి, తగ్గించి అమ్మే షాపుకు సరుకు ఇవ్వనన్నాడు. ఒక అకడమిక్ పుస్తకంతో మొదలైన ఈ పద్ధతి 1900 జనవరి 1 నుంచి నెట్ బుక్ అగ్రిమెంట్ పేరుతో పరిశ్రమ మొత్తానికీ వచ్చింది.

దాని పని మూడు ముక్కల్లో చెప్పొచ్చు. ధర ప్రచురణకర్త నిర్ణయిస్తాడు. షాపు ఆ ధరకే అమ్మాలి. కాదంటే ఏ ప్రచురణకర్తా కమిషన్ మీద సరుకు ఇవ్వడు. స్కూలు పాఠ్యపుస్తకాలను ‘నాన్-నెట్’ కింద బయటే ఉంచారు. 1929 నుంచి ప్రజా గ్రంథాలయాలకు లైసెన్సు మీద 10 శాతం దాకా తగ్గింపు ఇవ్వనిచ్చారు. 1962లో కోర్టు విచారణ జరిపి ఈ ఒప్పందం జనానికి మేలే చేస్తోందని తేల్చింది. కోర్టు నమ్మిన వాదన ఏమిటంటే, ఒప్పందం పోతే మంచి నిల్వ ఉన్న షాపులు తగ్గుతాయి, తక్కువ అమ్ముడయ్యే పుస్తకాలు ఖరీదవుతాయి, అచ్చయ్యే పుస్తకాలే తగ్గిపోతాయి.

బ్లాక్‌వెల్స్ లాంటి షాపుకు దీంతో వచ్చిన లాభం వేరే. ధర అందరి దగ్గరా ఒకటే అయినప్పుడు పోటీ అంతా ‘ఎవరి దగ్గర ఉంది, ఎవరు త్వరగా పంపుతారు, ఎవరు సరైన ఎడిషన్ పంపుతారు’ అన్నదాని మీదికి వస్తుంది. ఆ మూడింటిలో వాళ్లను కొట్టేవాడు లేడు. విదేశీ లైబ్రేరియన్ దగ్గర్నుంచి పేరు సగం, సంవత్సరం తప్పు, రచయిత ఇంటిపేరు ఒక్కటే ఉన్న చీటీ వచ్చినా పుస్తకాన్ని పట్టుకోగల గుమాస్తాలు ఉండేవారు. అప్పట్లో ఆ పనికి కంప్యూటర్ లేదు, మనిషి బుర్రే కేటలాగు.

గాఫర్, భూగర్భ గది

రెండో తరం బేసిల్ బ్లాక్‌వెల్, 1889లో పుట్టాడు. మెర్టన్ కాలేజీలో చదివి 1913లో వ్యాపారంలోకి వచ్చాడు, తండ్రి పోయాక 1924లో పగ్గాలు తీసుకున్నాడు, 1956లో నైట్ బిరుదు పొందాడు, 1984లో 94వ ఏట పోయాడు. సిబ్బంది ఆయన్ని ‘గాఫర్’ అనేవారు, మన మేస్త్రీ, పెద్దాయన లాంటి మాట. షాపును షాపుగా ఉంచుతూనే దాని చుట్టూ గదులు కట్టింది ఈయన కాలంలోనే.

షాపు ముఖం ఇప్పటికీ ఇరుకే. పక్కనే వైట్ హార్స్ అనే పబ్బు, రెండోవైపు ట్రినిటీ కాలేజీ. పక్కలకు పెరగడానికి వీల్లేదు, బ్రాడ్ స్ట్రీట్‌లో పైకి కట్టనివ్వరు. దాంతో కిందికి తవ్వారు. 1966లో తెరిచిన నారింగ్టన్ రూమ్ ట్రినిటీ కాలేజీ తోట కింద ఉంటుంది, అప్పటి కాలేజీ అధిపతి సర్ ఆర్థర్ నారింగ్టన్ పేరే దానికి పెట్టారు. 10,000 చదరపు అడుగులు, మూడు మైళ్ల అలమరలు. మొదటి గదితో పోలిస్తే దాదాపు 70 రెట్లు. ఒకే గదిలో అమ్మకానికి పెట్టిన పుస్తకాల్లో ప్రపంచంలోనే పెద్దదిగా గిన్నిస్ రికార్డు ఎక్కింది. ఇరుకు గుమ్మంలోంచి లోపలికి నడిచి వెనక మెట్లు దిగితే మధ్యలో గుంట, చుట్టూ మెట్లు మెట్లుగా అంతస్తులు. ఎక్కడ నిలబడినా మిగతా సబ్జెక్టులన్నీ కనిపిస్తాయి. ఆ నిర్మాణంలో గొప్ప ఏమిటంటే, న్యాయశాస్త్రం కోసం దిగినవాడికి ఎదుటివైపు తత్వశాస్త్రం బోర్డు కంటపడుతుంది. అమ్మకం సగం అలాగే జరుగుతుంది.

ఇంత నిల్వ పెట్టడం మాత్రం వ్యాపారంలో పెద్ద జూదం. అకడమిక్ పుస్తకం ఏడాదికి ఒకటో రెండో కాపీలు కదులుతుంది. మూడు మైళ్ల అలమరల్లో పెట్టుబడి ఇరుక్కుపోయి ఉంటుంది. దాన్ని భరించగలిగారంటే, అవే పుస్తకాలకు వెనక గదుల్లో ఇంకో గిరాకీ ఉండబట్టే.

లైబ్రరీ సరఫరా

1960ల్లో అమెరికాలో, కామన్వెల్త్ దేశాల్లో యూనివర్సిటీలు, వాటితో లైబ్రరీ బడ్జెట్లు విపరీతంగా పెరిగాయి. 1967 నవంబరులో పౌండు విలువను 2.80 డాలర్ల నుంచి 2.40కి దించారు, అంటే అమెరికన్ లైబ్రరీకి బ్రిటిష్ పుస్తకం ఒక్కసారిగా ఏడో వంతు చౌకైంది. ఎగుమతిదారుకు ఇంతకన్నా ఏం కావాలి! పోస్టు ఆర్డర్లు, ఖాతాలు చూసే పని బ్రాడ్ స్ట్రీట్‌లో పట్టక హైత్ బ్రిడ్జ్ స్ట్రీట్‌లోని బీవర్ హౌస్‌కు వెళ్లింది.

అదే కాలంలో అమెరికాలో రిచర్డ్ ఏబెల్ అనే వ్యాపారి ‘అప్రూవల్ ప్లాన్’ను వాడుకలోకి తెచ్చాడు. అది నడిచే తీరు ఇది. లైబ్రరీ ముందుగా తన అభిరుచి పత్రం నింపుతుంది: ఏ సబ్జెక్టులు, ఏ స్థాయి, ఏ భాష, ఏ ప్రచురణకర్తలు, ఒక్కో పుస్తకానికి గరిష్ఠ ధర ఎంత. సరఫరాదారు దగ్గర కొత్త పుస్తకం రాగానే ఒక మనిషి దాన్ని చేతిలో పట్టుకుని చూసి ఈ వర్గాల్లో గుర్తులు పెడతాడు. గుర్తులు కలిసిన లైబ్రరీలన్నిటికీ ఆర్డరు లేకుండానే పుస్తకం వెళ్తుంది. అంచున ఉన్నవాటికి పుస్తకం బదులు చీటీ వెళ్తుంది. లైబ్రేరియన్ చూసి, నచ్చింది ఉంచుకుని మిగతాది తిప్పి పంపుతాడు.

లాభం రిటర్న్‌లు తక్కువగా ఉండటం మీదే ఆధారపడుతుంది. పత్రం బద్ధకంగా నింపితే, ఉదాహరణకు ‘చరిత్ర’ అని ఒక్క మాట రాసి కాలం, దేశం రాయకపోతే, పెట్టెలు వెళ్లినవి వెళ్లినట్టే తిరిగొస్తాయి. రెండువైపులా రవాణా ఖర్చు సరఫరాదారుదే. ఇక పుస్తకాలు ముందు కొనాలి, డబ్బు తర్వాత వస్తుంది. వ్యాపారం పెరిగిన కొద్దీ అప్పు పెరుగుతుంది. ఏబెల్ కంపెనీ 1974లో అలాగే కూలింది. దాన్ని కొన్నది బ్లాక్‌వెల్, పేరు బ్లాక్‌వెల్ నార్త్ అమెరికా అయింది. ఒక ఆక్స్‌ఫర్డ్ పుస్తకాల షాపు అమెరికన్ యూనివర్సిటీ లైబ్రరీల అలమరల్లోకి ఏ పుస్తకం వెళ్లాలో గుర్తులు పెట్టే స్థానానికి చేరిందన్నమాట.

జర్నళ్ల చందా ఏజెన్సీ గురించి రెండు మాటలు చాలు. వందల మంది ప్రచురణకర్తల జర్నళ్లు కొనే లైబ్రరీకి అందరికీ విడివిడిగా బిల్లులు కట్టడం నరకం. ఏజెన్సీ ఒకే బిల్లు ఇచ్చి, రాని సంచికల వెంటపడుతుంది. లైబ్రరీ ఏడాది చందా ముందే కడుతుంది కాబట్టి చేతిలో నగదు ఆడుతుంది. పుస్తకాల సరఫరాకు ఇది సరిగ్గా తలకిందులు. రెండూ ఒకే కప్పు కింద ఉన్నంత కాలం ఒకదాని కొరత ఇంకోటి తీర్చగలదు.

యూనివర్సిటీ షాపు లెక్క: 15 కాపీలు మిగిలితే ఏమవుతుంది

బ్లాక్‌వెల్స్ చెయిన్, అంటే ఊరూరా ఉన్న దాని శాఖల వరస, ఎందుకు బలహీనపడిందో అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. కింది అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి, కానీ నిష్పత్తులు ఈ వ్యాపారంలో ఉండేవే.

మామూలు నవల మీద ప్రచురణకర్త షాపుకు ఇచ్చే కమిషన్ 40, 45 శాతం, పెద్ద చెయిన్‌కు ఇంకా ఎక్కువ. పాఠ్యపుస్తకం మీద 20 నుంచి 30 మధ్య. కారణం, పాఠ్యపుస్తకాన్ని అమ్మేది షాపు కాదు, క్లాసులో లెక్చరర్ చెప్పిన మాట అని ప్రచురణకర్త వాదన. అందులో అబద్ధమేమీ లేదు.

180 మంది ఉన్న మొదటి ఏడాది క్లాసుకు 40 పౌండ్ల తప్పనిసరి పుస్తకం ఒకటుంది అనుకోండి. కమిషన్ 25 శాతం. షాపుకు పడేది 30 పౌండ్లు, కాపీకి మిగిలేది 10. షాపు మే, జూన్ నెలల్లో లెక్చరర్ల దగ్గర లిస్టులు అడుగుతుంది, సగమే వస్తాయి. ఆగస్టులో ఆర్డరు పెట్టాలి, అక్టోబరులో టర్ము. 180 మందిలో సీనియర్ల దగ్గర పాతవి కొనేవాళ్లు, లైబ్రరీ కొద్ది సమయానికే ఇచ్చే కాపీతో నెట్టుకొచ్చేవాళ్లు, ఇద్దరు కలిసి ఒకటి కొనేవాళ్లు పోగా 60 మంది కొంటారని 60 తెప్పించారు. 45 అమ్ముడయ్యాయి.

45 కాపీల మీద మిగులు 450 పౌండ్లు. మిగిలిపోయిన 15 కాపీల కొనుగోలు ధర కూడా 450 పౌండ్లే. ఆ 15 తిరిగి వెళ్లకపోతే సీజను మొత్తం మీద మిగిలేది సున్నా. అద్దె, జీతాలు ఇంకా లెక్కలోకి రానేలేదు.

తిరిగి వెళ్లకపోవడానికి కారణాలు చాలానే ఉంటాయి. రిటర్న్ గడువు దాటిపోవడం ఒకటి, బిల్లు తేదీ నుంచి లెక్కపెట్టాలి, షాపుకు చేరిన తేదీ నుంచి కాదు. గడువులోపే కొత్త ఎడిషన్ వచ్చేస్తే పాతదాన్ని వెనక్కి తీసుకునే వ్యవధి ఇంకా తగ్గిపోతుంది. అమెరికా నుంచి ప్రత్యేకంగా తెప్పించినవి సాధారణంగా ఖాయం కొనుగోళ్లు, తిప్పి పంపడం కుదరదు. వెనక ధర స్టిక్కరు పీకినప్పుడు అట్ట చిరిగితే ఆ కాపీ ఇక షాపుదే. అన్నిటికన్నా చెడ్డది, సెప్టెంబరు ఆఖర్లో లెక్చరర్ మారి, వచ్చినాయన వేరే పుస్తకం పెట్టడం. దీనికి మందు లేదు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో అదే పుస్తకం 36 పౌండ్లకు దొరుకుతోందని షాపు కూడా 10 శాతం తగ్గించిందనుకోండి. కాపీకి మిగిలేది 6 పౌండ్లు, 45 కాపీలకు 270. ఆ 15 వెనక్కి పోకపోతే 180 పౌండ్ల నష్టం. నవలలు అమ్మే షాపు 10 శాతం తగ్గించినా బతుకుతుంది, పాఠ్యపుస్తకాల షాపు బతకదు. ‘అమెజాన్ అందరినీ ఒకేలా దెబ్బకొట్టింది’ అన్నమాటను నేను ఒప్పుకోనిది ఇందుకే. తక్కువ కమిషన్ ఉన్నవాళ్లకు అదే దెబ్బ రెట్టింపు తగిలింది.

కప్పు ఎగిరింది, గదులు పోయాయి

1995 శరదృతువులో పెద్ద ప్రచురణకర్తలు ఒక్కొక్కరే ధరల ఒప్పందం నుంచి బయటికి వచ్చారు, సెప్టెంబరు చివరికి అది ఆచరణలో ముగిసిపోయింది. 1997 మార్చిలో కోర్టు దాన్ని చట్టవిరుద్ధమని తేల్చింది. 1998 అక్టోబరులో అమెజాన్ బ్రిటన్ సైటు తెరుచుకుంది. ఈ వరస చూడండి. ఒప్పందం ఇంకా అమల్లో ఉండగా అమెజాన్ వచ్చి ఉంటే, ధర తగ్గించే ఆయుధం దాని చేతిలో ఉండేది కాదు. తలుపు తెరిచింది ప్రచురణకర్తలే.

ఒక విషయంలో బ్లాక్‌వెల్స్‌ను తప్పుపట్టలేం. నిద్రపోయారనడం అన్యాయం. 1995లోనే వాళ్ల ఆన్‌లైన్ షాపు ఉంది, బ్రిటన్‌లో మొదటివాటిలో అదొకటి. 2009లో లండన్ చారింగ్ క్రాస్ రోడ్ శాఖలో ఎస్ప్రెస్సో బుక్ మెషిన్ పెట్టారు, అడిగిన పుస్తకాన్ని కళ్లముందే అచ్చువేసి, జిగురు పెట్టి, అంచులు కోసి ఇచ్చేది. ముచ్చటైన యంత్రమే. కానీ విద్యార్థికి కావాల్సింది కాపీరైటులో ఉన్న ఈ ఏడాది పాఠ్యపుస్తకం, యంత్రం దగ్గర ఎక్కువగా ఉన్నవి కాపీరైటు దాటిన పాత పుస్తకాలు. అవసరం ఒకటి, సరుకు ఇంకొకటి.

వాళ్లు ఎంచుకున్న ఇంకో దారి పోటీ షాపులు కొనడం. 1999లో కేంబ్రిడ్జ్ హెఫర్స్‌ను కొన్నారు, అది 1876లో విలియం హెఫర్ మొదలుపెట్టింది, అంటే బ్లాక్‌వెల్స్ కంటే మూడేళ్లు పెద్దది. 2002లో ఎడిన్‌బరోకు చెందిన జేమ్స్ థిన్ దివాలా అంచుకు వచ్చింది, 1848 నాటి సంస్థ. దాని అకడమిక్ షాపులు బ్లాక్‌వెల్స్‌కు, మామూలు షాపులు ఒటాకర్స్ అనే చెయిన్‌కు పోయాయి. మీరు అడిగిన ‘పాకడం’ ఎక్కువ భాగం ఇదే: కొంత యూనివర్సిటీ క్యాంపస్‌లలో, పక్క వీధుల్లో కొత్తగా పెట్టినవి, కొంత ఇలా కూలిపోతున్న పాత సంస్థలు కొన్నవి. సంఖ్య పెరిగింది గానీ, పైన చూపించిన 15 కాపీల లెక్క ప్రతి శాఖలోనూ అదే. నష్టమొచ్చే లెక్కను ఎన్నిచోట్ల వేస్తే అంత నష్టం.

ఈలోగా గదులు వెళ్లిపోవడం మొదలైంది. చందాల ఏజెన్సీ శతాబ్దం మారేవేళ డచ్చి సంస్థ స్వెట్స్‌తో కలిసిపోయింది, ఆ స్వెట్స్ 2014లో దివాలా తీసింది. మానవ, సామాజిక శాస్త్రాలది ఒకటి, వైద్యం, జీవశాస్త్రాలది ఒకటిగా ఉన్న ప్రచురణ విభాగాలు రెండూ 2001లో బ్లాక్‌వెల్ పబ్లిషింగ్‌గా ఒకటై, 2007లో 57 కోట్ల 20 లక్షల పౌండ్లకు అమెరికన్ సంస్థ జాన్ వైలీకి అమ్ముడుపోయాయి. ఇక్కడ ఒక జాగ్రత్త: ప్రచురణ, షాపులు చట్టరీత్యా వేరు వేరు కంపెనీలు. ఆ డబ్బు ప్రచురణ కంపెనీ వాటాదారులకు పోయింది, షాపుల గల్లాపెట్టెలోకి రాలేదు. ‘అంత డబ్బు వచ్చాక షాపులెందుకు నష్టపోయాయి’ అని తరచుగా అడిగే ప్రశ్నకు జవాబు ఇదే. 2009లో ఉత్తర అమెరికా లైబ్రరీ సరఫరా అమెరికాలోని బేకర్ అండ్ టేలర్ అనే పుస్తక సరఫరా సంస్థకు వెళ్లింది.

ఆ తర్వాతి పదేళ్లూ షాపులు చిన్న చిన్నగా మూసుకుంటూ, ఉన్నవాటిని సర్దుకుంటూ నడిచాయి. పుస్తకాల అమ్మకం సైటు ద్వారా విదేశాలకు బాగానే సాగింది. మరోపక్క యూనివర్సిటీలు విద్యార్థులకు నేరుగా ఈ-బుక్ లైసెన్సులు కొనడం మొదలుపెట్టాయి. బ్రిటన్‌లో అచ్చు పుస్తకం మీద వ్యాట్ సున్నా, ఈ-బుక్ మీద 20 శాతం ఉండేది. 2020 మే 1 నుంచి ఈ-బుక్ మీద కూడా సున్నా చేశారు. అచ్చు పుస్తకానికి మిగిలిన ఆ చిన్న వెసులుబాటూ పోయింది. అదే వసంతంలో కోవిడ్‌తో క్యాంపస్‌లు ఖాళీ అయ్యాయి.

మూడో తరం యజమాని జూలియన్ బ్లాక్‌వెల్, అందరూ టోబీ అనేవారు, కంపెనీని ఉద్యోగుల చేతికి అప్పగించాలని చాలాకాలం అనుకున్నాడు. అది జరగలేదు. 2022 ఫిబ్రవరిలో కుటుంబం బహిరంగంగా అమ్మకానికి పెట్టింది, ఆ నెలాఖరుకే 18 షాపులూ సైటుతో సహా వాటర్‌స్టోన్స్‌కు వెళ్లాయి. బ్లాక్‌వెల్స్, హెఫర్స్ పేర్లు మాత్రం బోర్డుల మీద అలాగే ఉంచారు.

వాటర్‌స్టోన్స్ 1982లో పుట్టిన చెయిన్, 2018 నుంచి ఎలియట్ అనే పెట్టుబడి సంస్థది. దాని కింద చేరిన పేర్లు వరసగా చూస్తే బ్రిటన్ పుస్తక వ్యాపార చరిత్ర మొత్తం ఒకే మూటలో కనిపిస్తుంది. లండన్ యూనివర్సిటీ పక్కన యూనా డిలన్ 1930ల్లో పెట్టిన డిలన్స్ అందులో ఉంది. 1956లో యూనివర్సిటీ దానితో చేయి కలిపింది, 1977లో పెంటోస్ అనే కంపెనీ కొని దేశమంతా శాఖలు పెట్టి, 1995లో చేతులెత్తేసింది, 1999 నాటికి బోర్డులు కూడా మారిపోయాయి. జేమ్స్ థిన్‌లో సగం కొన్న ఒటాకర్స్ 2006లో అక్కడికే చేరింది, మిగతా సగం బ్లాక్‌వెల్స్‌తో పాటు 2022లో వచ్చింది. ఇరవై ఏళ్ల క్రితం రెండు ముక్కలైన ఎడిన్‌బరో సంస్థ మళ్లీ ఒకే యజమాని దగ్గర కలిసింది, ఎవరూ అనుకుని చేయలేదు.

పుస్తకం మీద ఏ ‘బ్లాక్‌వెల్’ ఉంది

మీ మూడో ప్రశ్న ఇది. అట్ట మీద కాదు, టైటిల్ పేజీ అడుగున, దాని వెనక కాపీరైటు పేజీలో చూడండి.

‘బి. హెచ్. బ్లాక్‌వెల్, బ్రాడ్ స్ట్రీట్’ అని ప్రచురణకర్త స్థానంలో ఉంటే అది షాపే తొలినాళ్లలో వేసిన పుస్తకం. 1922లో బేసిల్, ఆడ్రియన్ మాట్ కలిసి ప్రచురణను వేరు చేశారు, ఆ తర్వాతివాటి మీద ‘బేసిల్ బ్లాక్‌వెల్ అండ్ మాట్’ అనో, ఒట్టి ‘బేసిల్ బ్లాక్‌వెల్’ అనో ఉంటుంది. ఇవి ఎక్కువగా మానవ, సామాజిక శాస్త్రాలు. 1939లో మొదలైన ‘బ్లాక్‌వెల్ సైంటిఫిక్ పబ్లికేషన్స్’ వేరే సంస్థ. వైద్యం, జీవశాస్త్రం దాని సరుకు, తర్వాత దాన్నే ‘బ్లాక్‌వెల్ సైన్స్’ అన్నారు. సామాజిక శాస్త్రాల వైపు ‘బ్లాక్‌వెల్ పబ్లిషర్స్’ అయింది. ‘పబ్లిషింగ్’ అని ఉంటే 2001 తర్వాతిది. ‘వైలీ-బ్లాక్‌వెల్’ అని ఉంటే 2007 తర్వాతిది, షాపుతో దానికి ఏ సంబంధమూ లేదు. 2022 అమ్మకంలో ఇవేవీ లేవు.

వీటితో కలిపేయకూడని ఇంకో గుర్తుంది. పాత పుస్తకాల అట్ట లోపలివైపు అంచున గోరంత కాగితపు చీటీ అతికించి ఉంటుంది, దాని మీద బ్లాక్‌వెల్ పేరు, బ్రాడ్ స్ట్రీట్ చిరునామా చిన్న అక్షరాల్లో. అది అమ్మిన షాపు చీటీ మాత్రమే. ప్రచురణకర్త ఎవరైనా కావచ్చు. అయితే ఆ కాపీ ఒకప్పుడు బ్రాడ్ స్ట్రీట్ అలమరలోనో, పోస్టు పెట్టెలోనో ఉందని దాని అర్థం. పుస్తకం బైండింగ్ మార్పిస్తే మొదట పోయేది ఆ చీటీయే కాబట్టి, మీ దగ్గర అలాంటి కాపీ ఉంటే బైండరుకు ఇచ్చే ముందు ఆ లోపలి అట్ట కాగితాన్ని ఉంచమని చెప్పండి. చీటీని మాత్రం పీకకండి. పాత జిగురు తడి తగిలితే కాగితం పొర కూడా దానితోనే లేచొస్తుంది.